పాలకుర్తి నానమ్మ వచ్చేదాకా బోర్ల పడొద్దు

ఉద్యోగానికి సెలవు చెప్పిన రోజు నాకు శాలువా కప్పారు. యాభై నాలుగేళ్లకే నా మోకాళ్లు నాకన్నా ముందు రాజీనామా ఇచ్చేశాయి కాబట్టి, వాటి వెనకాలే నేనూ స్వచ్ఛందంగా విరమించుకున్నాను. శాలువా కప్పింది నా దగ్గర పని నేర్చుకున్న నర్సమ్మలే. భుజాల మీద వేసి వదిలేస్తే సరిపోయేది. వాళ్లు నా రెండు చేతులూ లోపలికి తోసి, ఒక కొస ఎడమ చంక కిందికి లాగి, రెండో కొస వీపు చుట్టూ తిప్పి బిగించారు. ఫోటోలు అయ్యేదాకా ముక్కు మీద ఈగ వాలినా తోలుకునే దిక్కు లేదు. "ఏందే ఇది?" అంటే, "మీరు నేర్పిందే కద మేడం" అన్నారు.

నిజమే. కొత్తగా ఉద్యోగంలో చేరిన చెల్లెళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు వరంగల్‌లో పసిపిల్లల్ని గుడ్డలో చుట్టడంలో నన్ను మించిన మనిషి లేదు. నేను చుట్టిన పిల్లల్ని వరసగా పడుకోబెడితే హనుమకొండ బస్టాండు దగ్గర మొదలైన వరస ఖిలా వరంగల్ కోట గోడ ఎక్కి అవతలికి దిగుతుంది. నా కట్టు పడ్డాక బయటికి చెయ్యి తీసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. ప్రసూతి వార్డులో ఏ మూల పిల్ల ఏడ్చినా "చుట్టుడు సిస్టరును పిలువుండ్రి" అనేవాళ్లు. నేను వెళ్లి నాలుగు మడతలు వేసేసరికి పిల్ల గప్‌చుప్. తల్లి నిద్రపోయేది, తల్లి తల్లి నిద్రపోయేది, మంచం కింద కూర్చున్న ఆడబిడ్డ కూడా తూగేది. ఒకసారి డ్యూటీ డాక్టరు కూడా కునికాడు. అతణ్ని మాత్రం నేను చుట్టలేదు.

ఇంత కీర్తి సంపాదించిన మనిషికి ఉద్యోగం చివరి రోజుల్లో బస్తీ దవాఖానలో పోస్టింగు పడింది. అక్కడికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. మా చిన్నమ్మాయి కన్నా రెండేళ్లు చిన్న. గొంతు ఎంత మెత్తనిదంటే ఆమె తిట్టినా దీవించినట్టే ఉండేది. వచ్చిన మొదటి వారమే నన్ను పక్కకు పిలిచి, "మేడం, పుట్టిన కొత్తలో చుట్టండి, కానీ వదులుగా. కాళ్లు ఆడాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. పిల్ల పక్కకు తిరగడానికి ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం పూర్తిగా మానిపించండి. బోర్ల పడేదాకా ఆగొద్దు" అంది.

నా సామ్రాజ్యంలో సగం లాగేసుకున్నట్టు అనిపించింది. పైకి "అట్లాగే డాక్టరమ్మా" అన్నాను. లోపల మాత్రం, నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది కూడా నేనేనేమో చూసుకో అనుకున్నాను. ఆమె చెప్పిన ఆరు మాటల్ని నా సౌకర్యం కోసం ఒక్క ప్రశ్న చేశాను. ఇంటింటికీ వెళ్లినప్పుడు గుమ్మంలోంచే అడిగేదాన్ని: "పిల్ల బోర్ల పడిందా?" పడిందంటే చుట్టుడు బంద్. లేదంటే రిజిస్టర్‌లో "లేదు" అని రాసుకుని చాయ్ తాగి వచ్చేదాన్ని. చెల్లెళ్లూ, నేను చేసిన తప్పు పేరు ఆ ప్రశ్నే.

కోట వెనక వాడకట్టులో ఒక నేత ఇల్లు ఉండేది. ముందు గదిలో మగ్గం, మగ్గం మీద జంపఖానా, మిగిలిన చోట మనుషులు. ఇంటాయన జంపఖానాలు నేసేవాడు. ఆయన నేసినది నలుగురు కలిసి చింపినా చిరగదని వాడకట్టులో పేరు. ఆయన కూతురు పాలకుర్తి దగ్గరి ఊళ్లో వ్యవసాయం ఇంటి కోడలు. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, బెల్లం ముద్దలా ఉండేది. దవాఖానలో దాన్ని చుట్టింది సాక్షాత్తూ నేనే. చుట్టే విద్యను అమ్మమ్మకు దగ్గరుండి నేర్పింది కూడా నేనే.

పిల్లకు మూడో నెల దాటాక ఒకరోజు ఆ ఇంటికి పోయాను. వెంట ఆశా వర్కర్ ఉంది. మా ఆశా గురించి ఒక మాట చెప్పాలి. ఆమె నవ్వడం చూసినవాళ్లు ఆ వాడకట్టులో లేరు. ఎంత పెద్ద జోకు వేసినా, బీపీ మిషన్ వైపు చూసినట్టు నా వైపు చూసేది. కానీ ఏ ఇంట్లో ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో వీధి చివర నిలబడి చెప్పగలదు.

గుమ్మంలోంచే నా ప్రశ్న వేశాను. "పిల్ల బోర్ల పడిందా?"

"ఇంకా లేదు సిస్టరమ్మా" అంది అమ్మమ్మ.

"ఇంకా లేదు సిస్టరమ్మా" అంది తల్లి.

"ఇంకా లేదు" అన్నాడు తాత, మగ్గం ఆపకుండా. అడగకముందే పక్కింటావిడ కూడా గోడ మీంచి "ఏడ పడ్డది, ఇంకా లేదు" అంది.

బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకే రాగం. నాకు అనుమానం రావాలి. రాలేదు, చాయ్ వచ్చింది. "లేదు" అని రాసుకున్నాను. పిల్ల మూల మంచం మీద నా కట్టులో నిద్రపోతోంది. దూరం నుంచి చూసి, ఎంత చక్కగా చుట్టారో అని మురిసిపోయాను. దగ్గరికి పోయి ముట్టుకుని ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

బయటికి వచ్చాక ఆశా అంది, "మేడం, ఆ ఇంట్ల శనగపప్పు డబ్బాల పోసిపెట్టిండ్రు. బెల్లం కొట్టిపెట్టిండ్రు. పోలెలకు అన్నీ తయారున్నయ్."

"అయితే?"

"బోర్ల పడకుంటె పోలెలెందుకు?"

మన దగ్గర పిల్ల మొదటిసారి బోర్ల పడితే పోలెలు చేసి ఇంటింటికీ పంచుతారు కదా. కోస్తా వాళ్లు బొబ్బట్లు అంటారు, మనం పోలెలు అంటాం, ఎవరేమన్నా నేను నాలుగు తింటాను. ఆశా అడిగింది బంగారం లాంటి ప్రశ్న. "పండుగేదో ఉండొచ్చు" అని కొట్టిపారేశాను. ఆ నెలలో ఏ పండుగా లేదు.

మూడు రోజుల తర్వాత అదే వాడకట్టులో కమ్యూనిటీ హాల్లో టీకాల రోజు. మూడున్నర నెలల సూది కోసం ఆ తల్లి పిల్లను తెచ్చింది. పిల్ల అంటే పిల్ల కాదు, ఒక పార్సిల్. నా కట్టుకు నేతపని తోడైతే ఏమవుతుందో ఆరోజు చూశాను. తాతగారు మగ్గం గుడ్డతో ప్రత్యేకంగా ఒక చుట్టుగుడ్డ కుట్టించాడు. దానికి నాలుగు వైపులా నాడాలు. ఆ నాడాలకు ఆయన మగ్గం మీద తెగిన నూలు అతికేటప్పుడు వేసే ముడులు వేశాడు. లాగిన కొద్దీ బిగిసే రకం. తొడ మీద సూది వెయ్యాలంటే తొడ బయటికి రావాలి. నేనూ ఆశా చెరో వైపు పట్టుకుని విప్పుతుంటే, వెనక వరసలో తల్లులు, "జల్ది గానియ్యండ్రి, మా పిల్లలు పెద్దగైతాండ్రు" అని అరిచారు.

విప్పుతూ నేను ముందు గర్వపడ్డాను. నా విద్య ఇంత ఎదిగిందా అని. తర్వాత పిల్ల వీపు చేతికి తడిగా తగిలింది. చెమట. తర్వాత బుగ్గ చూశాను. కుడి బుగ్గ మీద, ముక్కు కొస మీద, పై పెదవి మీద చిన్న చిన్న చుక్కల గుంటలు. ఎర్రగా, ఒకే సైజులో, ఎవరో గీత గీసి పెట్టినట్టు.

"చెమటకాయలు లేచినట్టున్నయి" అన్నాను.

ఆశా వంగి చూసింది. ఆ చుక్కల్ని వేలితో తడిమింది.

పిల్లను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి దాని పొట్ట మీద ఉంచి, రెండో చేత్తో సూది అందుకోబోయాను. పిల్ల నా చెయ్యిని పక్కకు నెట్టి, కాలు ఎత్తి, నడుం తిప్పి, టక్కున బోర్ల పడింది. పడి, తల ఎత్తి, హాలంతా ఒకసారి చూసి, ఎన్నికల్లో గెలిచినదానిలా నవ్వింది.

హాల్లో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి, "బోర్ల పడ్డది, బోర్ల పడ్డది, పోలెలు ఎప్పుడు?" అని మొదలుపెట్టారు. తల్లి మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా అయింది. రెండు చేతులూ జోడించి, "అక్కా, అమ్మా, మీ కాళ్లు మొక్కుత, ఎవ్వలూ చూడలే అనుకోండ్రి" అంది.

నేను ముప్ఫై ఏళ్ల సర్వీసులో పిల్ల బోర్ల పడితే ఏడ్చిన తల్లిని చూడలేదు. సూది వేసి, పిల్లను తల్లి చేతికిచ్చి, ఇద్దర్నీ పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. ఆశా తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"బోర్ల పడవట్టి ఎన్నొద్దులైంది బిడ్డా?"

"ఎనిమిదొద్దులు."

"మరి లేదన్నరు కద నాకు?"

అప్పుడు చెప్పింది. ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెల్లో వేసే పండుగకు పాలకుర్తి నుంచి అత్తగారు బయల్దేరింది. దారిలో బస్సు చెడిపోయింది. ఇక్కడ పంతులు గడియ దాటిపోతోందని తొందరపెడితే తొట్టెల్లో వేసేశారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చేసరికి అంతా అయిపోయి, జనం చేతులు కడుక్కుంటున్నారు. ఆమె పిల్లను చూసింది, వెనక్కి తిరిగింది, అన్నం ముట్టకుండా వెళ్లిపోయింది. అప్పటినుంచి వియ్యపురాలితో మాట లేదు. కోడలికి ఫోన్ చేసి మాత్రం ఒక్క మాట అంది: తొట్టెల్ల వేసుడు నేను చూడలే, బోర్ల పడుడన్న నా కండ్ల ముంగట కావాలె, నాట్లు అయిపోంగనే వస్త.

"ఇంకా ఎన్నొద్దులు నాట్లు?"

"ఐదారొద్దులు. గందుకే అమ్మ కట్టి ఉంచుతాంది, పడకుండ. అత్తమ్మ వచ్చినంక విప్పుదామని. మీరు జెప్పిన కట్టుడే మేడం. బాపు నాడాలు పెట్టిండు, ఇంకా గట్టిగుంటదని."

ఆశా అడిగింది. "బుగ్గ మీద ఏంది గవి?"

తల్లి పిల్ల బుగ్గను కొంగుతో తుడిచింది. "ఆవాల దిండు" అంది. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టిన చిన్న దిండు పెడతారు కదా, అది. "పొద్దుగాల నేను పండ్లు తోముకొని వచ్చేసరికి బోర్ల పడి ఉన్నది మేడం. కట్టుడు కట్టినట్టే ఉన్నది. మొఖం దిండుల ఉన్నది. ఏడుద్దామంటె నోరు దిండుకే ఉండె. చేతులు లోపట. తిప్పినంక ఊపిరి తీసి, గప్పుడు ఏడ్చింది."

చెల్లెళ్లూ, నేను ప్రతిదాన్నీ పెద్దది చేసి చెప్పే మనిషిని, మీకు తెలుసు. ఈ ఒక్కదాన్నీ పెద్దది చేయడం లేదు. చేతులు బయట ఉన్న పిల్ల బోర్ల పడితే చేతులు నొక్కి తల ఎత్తుతుంది, మొహం పక్కకు తిప్పుతుంది. చేతులు కట్టిన పిల్లకు అది కూడా లేదు. ఆ చేతుల్ని కట్టే విద్య నాది. ఆ ఇంట్లో "బోర్ల పడింది" అంటే నానమ్మ చూడగా, పోలెలు పంచగా పడటం. నేను అడిగిందేమో పిల్ల నడుం తిరిగిందా అని. వాళ్లు అబద్ధం చెప్పామని కూడా అనుకోలేదు, వాళ్ల లెక్కలో నిజంగానే ఇంకా పడలేదు. నేను ఒక్కసారి గుడ్డ విప్పి ఉంటే పిల్లే చెప్పేది. మీరు అడగండి, అడగడం తప్పు కాదు. అడిగి ఊరుకోకండి, విప్పి చూడండి.

టీకాలు అయిపోగానే ఇద్దరం ఆ ఇంటికి పోయాం. మొదటిసారి చాయ్ వద్దన్నాను. అమ్మమ్మకు అది చూసే భయం పట్టుకుంది.

"వదినె, ఈ కట్టుడు ఈ గడియ నుంచి బంద్" అన్నాను.

అమ్మమ్మ కూరగాయల దగ్గర బేరం ఆడినట్టు మొదలుపెట్టింది. "ఇయ్యాల ఒక చెయ్యి ఇడుద్దాం సిస్టరమ్మా. రెండోది నాట్లయినంక."

"అది తిరుగుడు మొదలువెట్టకముందైతె గట్లనే చేయొచ్చు, ఒక చెయ్యి ముందుగాల, ఇంకో చెయ్యి తర్వాత. ఇప్పుడు తిరుగుతాంది. రెండు చేతులు ఇప్పుడే బయటికి."

"పోనీ నడుముకన్న కట్టుకుంట."

"అది కూడ వద్దు."

"పగలు ఇడుస్త. రాత్రి..."

"వదినె."

ఆమె కూలబడింది. "ఇడిస్తె అది ఘడియకోసారి పడ్తది. వాడకట్టంత చూస్తది. ముచ్చట పాలకుర్తికి నిమిషంల పోతది. మల్ల ఆమె గుమ్మంలకెల్లే తిరిగిపోతె నా బిడ్డ ఆ ఇంట్లకు ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

జవాబు లేనప్పుడు నా నోటికి సర్కారు గుర్తొస్తుంది. గొంతు సవరించుకుని, "అసలు ముచ్చట మీకు తెల్వదు. సర్కారు లెక్కల మూడో సూది పడకముందు పడ్డ బోర్ల లెక్కకు రాదు. సూది ఇయ్యాల పడ్డది. ఇంతకుముందు పడ్డయన్నీ రద్దు" అన్నాను.

ముప్ఫై ఏళ్లలో ఇంత అధికారికమైన అబద్ధం నేను ఆడలేదు. తాతగారు మగ్గం మీంచి, "సర్కారు రూలైతె మనమేం జేస్తం" అని ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మమ్మ మొహం తేటపడింది. ఆ ఊపులో మూల మంచం మీది మెత్తటి బొంత తీయించాను, పలచటి గట్టి పరుపు వేయించాను, ఆవాల దిండును జప్తు చేసి నా సంచిలో వేసుకున్నాను. "తాలింపుకు పనికొస్తది" అంది ఆశా, నవ్వకుండా.

ఇక పిల్లను వెల్లకిలా పడుకోబెట్టాం. ఇన్నాళ్లూ పార్సిల్‌గా బతికిన పిల్లకు తన చేతులు తనకే కొత్త. కన్ను మూత పడగానే రెండు చేతులూ ఉలిక్కిపడి పైకి లేచేవి, కదిలే బస్సులో రాడ్డు పట్టుకోబోయినట్టు. అది చూసి అదే జడుసుకుని ఏడ్చేది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారికి అమ్మమ్మ చెయ్యి చుట్టుగుడ్డ మీదికి పోయింది. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి కూడా పోయింది. ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆశా ఆ గుడ్డ మీద కూర్చుంది.

నాలుగోసారి తల్లి తన అరచేతిని పిల్ల రొమ్ము మీద బరువు లేకుండా ఆనించింది. తాత మగ్గం మళ్లీ మొదలుపెట్టాడు. కడుపులో ఉన్నప్పటి నుంచి విన్న చప్పుడే కదా, పిల్ల చేతులు ఒకసారి లేచి, నెమ్మదిగా దిగి, తలకు రెండు పక్కలా వాలాయి. దొరసాని పడుకున్నట్టు పడుకుంది. అరగంట. ఆ అరగంటలో మేము దగ్గడానికి కూడా బయటికి పోయాం.

వీధిలోకి వచ్చాక ఆశా అంది, "అబద్ధం మంచిగనే చెప్పిండ్రు మేడం. నేను ఫోన్ చేసిన."

"ఎవరికి?"

"పాలకుర్తి ఆశాకు. ఆమె పొలం కాడికి పోయి ముసలమ్మకు చెప్తది. పిల్ల తిరుగుతాంది, నాట్లు ఆగుతయ్ గాని పిల్ల ఆగదు, జల్ది రమ్మని."

మర్నాడు పొద్దున్నే నాకు కబురు. వెళ్లేసరికి నానమ్మ వచ్చి ఉంది. మొదటి బస్సుకే వచ్చింది. పిక్కల దాకా ఎండిన బురద గీత, కొంగులో నారు పరక ఒకటి. ఇంట్లో ఎవరూ గట్టిగా గాలి పీల్చడం లేదు. పిల్లను నేల మీద చాప మీద పడుకోబెట్టారు. నానమ్మ దాని ముందు మఠం వేసుకుని కూర్చుంది. వియ్యపురాలి వైపు చూడలేదు.

పిల్ల కాసేపు నానమ్మ ముక్కుపుల్ల వైపు చూసింది. తర్వాత కాలు ఎత్తి, నడుం తిప్పి, టక్కున బోర్ల పడి, తల ఎత్తి నవ్వింది.

అందరం చప్పట్లు కొట్టబోయాం. నానమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇది మొదటిసారి పడ్డ పిల్ల కాదు" అంది. "మొదటిసారి పడ్డ పిల్లకు చెయ్యి కింద ఇరుకుతది. తీసుకోరాక ఏడుస్తది. ఇది చెయ్యి తీసుకొని నవ్వుతాంది. ఎన్నొద్దులైంది?"

మగ్గం ఆగిపోయింది. తల్లి తలుపు చాటుకు పోయింది. అమ్మమ్మ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. "పెద్దమ్మా, సర్కారు లెక్కల మూడో సూది..."

"సర్కారు ఎంతమందిని పెంచింది సిస్టరమ్మా?"

సర్కారు తరఫున మాట్లాడటానికి నాకిక ధైర్యం చాలలేదు. తలుపు చాటున ఆ పిల్లతల్లి కొంగు కొస నోట్లో పెట్టుకుని నిలబడింది. నేను తప్పుకుంటే తప్పంతా ఆమె మీద పడుతుంది. ఏదీ పెంచకుండా, ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. పడి తొమ్మిది రోజులైందని, మీ కోసం ఆపి ఉంచారని, కట్టిన విద్య నాదని, అడిగాను గానీ చూడలేదని, నిన్న పొద్దున దిండులో మొహం ఉన్న సంగతి.

"ఆ దిండేది?" అంది.

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, అరచేతిని తిరగేసి, చేతి వెనక వైపు దిండుకు ఆనించి కాసేపు గట్టిగా నొక్కింది. తీసి చూసుకుంది. నాట్లు వేసి గట్టిపడిన చర్మం మీద కూడా చుక్కలు పడ్డాయి. ఆ చుక్కల్ని చాలాసేపు చూసింది.

"నా కోసమా వదినె" అంది, రెండున్నర నెలల తర్వాత మొదటిసారి వియ్యపురాలి వైపు తిరిగి. "నేను గంత చెడ్డదాన్నా?"

"నువ్వు అన్నం తినకుండ పోయినవ్ వదినె" అంది అమ్మమ్మ.

"సిగ్గైంది. అందరు చేతులు కడుక్కుంటాండ్రు, నేను సంచి పట్టుకొని నిలవడ్డ. మనుమరాలి పండుగకు ఆఖరికొచ్చిన నానమ్మను ఎవలన్న జూసిండ్రా? ఏం మొఖం పెట్టుకొని తినాలె అనుకున్న." ఆమె దిండును పక్కకు పెట్టింది. "కోపమని ఎవలు జెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. మనం అడగలేదు కూడా. రిజిస్టర్‌లో నేను రాసినట్టే, దూరం నుంచి చూసి "కోపం" అని రాసేసుకున్నాం.

పిల్ల బోర్ల పడి అలసిపోయి చాపను నాకడం మొదలుపెట్టింది. నానమ్మ దాన్ని తీసి వెల్లకిలా పడుకోబెట్టి, "పప్పు నానవెట్టిండ్రా లేదా?" అంది.

"తొమ్మిదొద్దులాయె, డబ్బాల రెడీగ ఉన్నది" అంది అమ్మమ్మ.

"ఇంకేం మరి?"

ఆ రోజు ఆ ఇంట్లో వండిన పోలెలు పరిస్తే తాతగారి జంపఖానా చాలదు. వాడకట్టంతా పంచారు. మొదటి విస్తరి నానమ్మకే వేశారు, అందరికన్నా ముందు ఆమే తిన్నది. అందరూ ఆమె వైపు చూడనట్టే చూశారు. నాట్లను కొడుక్కి అప్పజెప్పి ఆమె మూడు రోజులు ఉండిపోయింది. పిల్ల మొదట రెండు రోజులు సరిగ్గా పడుకోలేదు. పడుకున్నంతసేపూ ఎవరో ఒకరి చెయ్యి రొమ్ము మీద; ఆ పనికి ఇద్దరు వియ్యపురాండ్రు వంతులు వేసుకున్నారు, వంతు దాటితే ఒకరినొకరు తిట్టుకున్నారు కూడా. మూడో రోజుకు పిల్లకు తన చేతులు అలవాటయ్యాయి. నేను రోజూ వెళ్లాను, గుమ్మంలో నిలబడి అడగకుండా లోపలికి పోయి చూశాను. డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె మెత్తగా, "రేపటి నుంచి కొత్త నర్సులకు మీరే చెప్పండి మేడం" అంది. అది తిట్టో దీవెనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నానమ్మ ఊరికి బయల్దేరే రోజు నేనూ ఆశా అక్కడే ఉన్నాం. పొలంలో కూలీలకు పంచాలని ఇంకో వాయి పోలెలు చేశారు. స్టీలు గిన్నె నిండి, పైన గోపురంలా లేచాయి. మూత పడటం లేదు. నానమ్మ ఇల్లంతా కలియజూసి, మూలన పడి ఉన్న తాతగారి చుట్టుగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది, నాలుగు నాడాలతో సహా.

"నీ కట్టుడు మంచిగుంటదట గద సిస్టరమ్మా. ఇగ వీటికి గట్టు. ఇవి బోర్ల పడయ్."

కట్టాను. ఎడమ కొస కిందికి, కుడి కొస వెనక్కి, నాలుగు మడతలు, నాలుగు ముడులు. అంత బిగించి నేను కట్టిన చివరి కట్టు అదే. పాలకుర్తి దాకా గుంతల రోడ్డు మీద ఒక్క పోలె కూడా చెయ్యి బయటికి తీయలేదని అక్కడి ఆశా ఫోన్ చేసి చెప్పిందట. ఆ సంగతి మా ఆశా నాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె పెదవి కుడివైపు కొంచెం కదిలింది. నేను దాన్ని నవ్వుగానే రాసుకున్నాను, ఈసారి దగ్గరికి పోయి చూసి మరీ.